కార్డు, టికెట్టు, నోటు పుస్తకం

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలిచ్చి, "క్రెడిట్ కార్డు పాయింట్లతో ఊళ్ళు తిరుగుతావుట కదా, ఆ కిటుకేదో మనవాళ్ళకి చెప్పు" అన్నారు. కిటుకంటూ ఏమీ లేదు. కొంచెం కూడికలు, తీసివేతలు. ఈ బడిలో నేర్పినవే. ముందు డబ్బు లెక్క చెబుతాను, తర్వాత ప్రయాణం సంగతి. రెండూ వేరు వేరు విషయాల్లా కనిపిస్తాయి గానీ, రెండింటికీ కావలసిన అలవాటు ఒక్కటే. అదేమిటో దారిలో మీకే తెలుస్తుంది.

అసలు ఈ పాయింట్లు ఎక్కడినుంచి వస్తాయి? మనం కొట్లో కార్డు మీద వంద రూపాయలు కడితే కొట్టాయనకి వందా చేరదు. సుమారు రెండు రూపాయలు బ్యాంకులు, కార్డు నెట్‌వర్కు పంచుకుంటాయి. అందులో కొంత మనకి పాయింట్లుగా తిరిగొస్తుంది. బ్యాంకుకి రెండో ఆదాయం, బిల్లు పూర్తిగా కట్టనివాళ్ళ దగ్గర వసూలయ్యే వడ్డీ. అంటే గడువులోగా కట్టేవాడి విమానం టికెట్టులో కట్టలేనివాడి వడ్డీ కూడా కొంత కలిసి ఉంటుంది. ఈ ఇద్దరిలో మనం ఎవరం అన్నది తేల్చుకున్నాకే ఏ కార్డు మంచిదని అడగాలి.

ఒక ఇంటి లెక్క వేద్దాం. సరుకులు, మందులు, బట్టలు, పిల్లల ఫీజులు కలిపి నెలకి 40,000 రూపాయలు కార్డు మీద కడతారనుకోండి. ఏడాదికి 4,80,000. పాయింట్ల విలువ నూటికి రూపాయిన్నర పడిందనుకుంటే 7,200 రూపాయలు. కార్డు వార్షిక రుసుము 1,000, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 1,180. అది తీసేస్తే మిగిలేది 6,020. ఇద్దరు మనుషులు సికింద్రాబాదు నుంచి కాశీ దాకా ఏసీ రైల్లో వెళ్ళడానికి టికెట్లు వస్తాయి. ఎలాగూ పెట్టే ఖర్చుకి ఇది చిన్న లాభం కాదు.

ఇప్పుడు అదే ఇంట్లో ఒక నెల బిల్లు కట్టకుండా 50,000 బాకీ ఉండిపోయిందనుకోండి. కార్డు వడ్డీ నెలకి మూడున్నర శాతం అంటే వినడానికి చిన్నదే. ఏడాదికి 42 శాతం! మన ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే అమ్మో అనుకునేవాళ్ళం. 50,000 మీద నెలకి 1,750 వడ్డీ, ఆ వడ్డీ మీద జీఎస్టీ 315, మొత్తం 2,065. మూడు నెలలు తిరిగేసరికి 6,195. ఏడాదంతా కూడబెట్టిన 6,020 హుష్ కాకి. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు ఉండదు. ఇవాళ కొన్న పాల ప్యాకెట్టు మీద ఇవాళ్టినుంచే వడ్డీ.

బిల్లు మీద 'మినిమం డ్యూ' అని ఒక అంకె ఉంటుంది. అది ఐదు శాతం అనుకుందాం. 50,000కి 2,500. కట్టేశాం కదా అని గుండె మీద చెయ్యేసుకుని పడుకుంటాం. ఆ 2,500లో 2,065 వడ్డీకీ పన్నుకీ పోతే, అసలులో తగ్గింది 435 రూపాయలు. ఇక్కడ కూర్చున్న పాతికేళ్ళ పిల్లలకి ప్రత్యేకంగా చెబుతున్నాను. ప్రతినెలా మొత్తం బిల్లు కట్టగలిగితేనే పాయింట్ల కార్డు జోలికి వెళ్ళండి. కట్టలేని పరిస్థితి వస్తే ముందు కార్డు వాడకం ఆపండి. అంతకన్నా తక్కువ వడ్డీకి అప్పు దొరికితే తెచ్చి ఈ బాకీ తీర్చెయ్యండి. ప్రయాణం ఎక్కడికీ పారిపోదు.

సరే, బిల్లు పూర్తిగా కడుతున్నారు. అలాంటివాళ్ళు గుర్తుంచుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, పాయింట్ల కోసం ఖర్చు పెంచకండి. "ఈ మూడు నెలల్లో ఇంకో 50,000 వాడితే 1,000 రూపాయల వోచరు" అని సందేశం వస్తుంది. ఎలాగూ కొనేది ఉంటే సరే. లేకపోతే వెయ్యి కోసం యాభై వేలు వదులుకున్నట్టే.

రెండోది, ఏ ఖర్చుకి పాయింట్లు రావో తెలుసుకోండి. పెట్రోలు, ఇంటి అద్దె, వ్యాలెట్‌లో డబ్బు వేసుకోవడం లాంటివాటికి చాలా కార్డులు పాయింట్లు ఇవ్వవు. అద్దె కడితే పైన రుసుము కూడా వేస్తాయి. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీస్తే రుసుము సరేసరి, వడ్డీ ఆ రోజునుంచే మొదలవుతుంది.

మూడోది, పాయింటు విలువ దాన్ని ఖర్చుపెట్టే చోటును బట్టి మారుతుంది. కొన్ని కార్డుల్లో అదే పాయింటుతో కేటలాగులోని మిక్సీ తీసుకుంటే పావలా, విమాన సంస్థ మైళ్ళుగా మార్చుకుంటే అర్ధ రూపాయో, రూపాయో. మైళ్ళతో తీసుకున్న టికెట్టుకైనా పన్నులు, రుసుములు చేతినుంచి కట్టాల్సిందే. అలాంటి సీట్లు కొన్నే ఉంటాయి. సంక్రాంతికీ దసరాకీ దొరకవు. పండగ వెళ్ళాక రెండు వారాలకి బయల్దేరగలిగినవాడికి దొరుకుతాయి. మనలో రిటైరైనవాళ్ళకి ఉన్న పెద్ద సౌకర్యం ఇదే.

నాలుగోది, పాయింట్లు ఆవకాయ కాదు, జాడీలో పెట్టి ఏడాది పొడుగునా దాచుకోవడానికి. పెరుగు లాంటివి. చాలావాటికి గడువు ఉంటుంది. గడువు లేకపోయినా వాటి విలువ తగ్గించే హక్కు బ్యాంకు దగ్గరే ఉంటుంది. లాంజ్ ప్రవేశం కూడా అంతే. ఒకప్పుడు కార్డు చూపిస్తే లోపలికి పంపేవారు. ఇప్పుడు చాలా కార్డులు ముందు మూడు నెలల్లో ఇంత ఖర్చు పెట్టి ఉండాలంటున్నాయి. రెండు ఇడ్లీల కోసం అంత తాపత్రయం అక్కర్లేదు. ఇంటినుంచి పులిహోర తెచ్చుకున్నవాడిదే సుఖం.

ఐదోది, విదేశాలు వెళ్ళేవాళ్ళకి. పిల్లల దగ్గరికి అమెరికా, ఆస్ట్రేలియా వెళ్ళే తల్లిదండ్రులు మనలో చాలామంది ఉన్నారు. మామూలు కార్డు అక్కడ వాడితే మారకం మీద మూడున్నర శాతం అదనం, దాని మీద జీఎస్టీ, మొత్తం 4.13 శాతం. లక్ష రూపాయల ఖర్చుకి 4,130 పోయి, పాయింట్ల రూపంలో వచ్చేది 1,500. ఈ అదనపు రుసుము తక్కువగా ఉన్నవి, అసలు లేనివి కూడా ఉన్నాయి. బయల్దేరే ముందే అడిగి తీసుకోండి. అక్కడ కొట్లో మెషీను "రూపాయల్లో కడతారా?" అని అడుగుతుంది. సొంత డబ్బు పేరు చూడగానే ప్రాణం లేచొస్తుంది గానీ, ఆ మారకం రేటు దాదాపు ఎప్పుడూ మనకి నష్టమే. ఆ దేశపు డబ్బులోనే కడతానని చెప్పండి. తిరిగొచ్చాక యాప్‌లో అంతర్జాతీయ వాడకం స్విచ్ ఆపెయ్యండి.

ఆరోది, మన మాస్టార్లకి, అమ్మావాళ్ళకి. "మీ రివార్డు పాయింట్లు ఈ రాత్రితో చెల్లిపోతాయి, ఈ లింకు నొక్కండి" అని సందేశం వస్తే నొక్కకండి. ఓటీపీ అడిగేవాడు బ్యాంకు మనిషి కాడు, దొంగ. పాయింట్లు చూసుకోవాలంటే బ్యాంకు యాప్‌లోకి మనమే వెళ్ళి చూసుకోవాలి. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం బ్యాంకుకి చెప్పి కార్డు ఆపించండి, వెంటనే 1930కి ఫోను చెయ్యండి. అది సైబరు మోసాలమీద ఫిర్యాదు చేసే నంబరు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆలస్యమైన కొద్దీ డబ్బు దొరికే అవకాశం తగ్గిపోతుంది.

ఇక వద్దనుకున్న కార్డు సంగతి. మూసెయ్యమని అడిగి, బాకీ ఏమీ లేకపోతే, రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఏడు పనిదినాల్లో మూసెయ్యాలి. ఆలస్యం చేస్తే రోజుకి 500 రూపాయల చొప్పున మనకే కట్టాలి. ఈ సంగతి తెలియక, వాడని కార్డులకి ఏటా రుసుము కట్టేవాళ్ళు ఎంతోమంది.

డబ్బు లెక్క అయిపోయింది. టికెట్టు చేతికొచ్చింది. ఇప్పుడు ప్రయాణం. టికెట్టు చవగ్గా వచ్చినంత మాత్రాన ప్రయాణం బాగుండదు. ఊరికే వచ్చిన టికెట్టు మీద వెళ్ళి, హోటలు గదిలో సీరియల్ చూసి, ఫోటోలు పెట్టి వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు.

ఒక ఉదాహరణ చెబుతాను. విజయవాడ నుంచి విశాఖ వెళ్ళే రైలు కొవ్వూరు దాటి గోదావరి మీదికి వస్తుంది. మనవాళ్ళు చేతులు జోడిస్తారు, కొందరు నాణెం వేస్తారు, మళ్ళీ ఫోను చేతిలోకి తీసుకుంటారు. ఆ కాసేపట్లో కిటికీలోంచి కనిపించేది మూడు తరాల ఇంజనీరింగు. 1900 నుంచి 1997 దాకా రైళ్ళను మోసి, ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్న హేవలాక్ వంతెన. కింద రైలు, పైన బస్సులతో 1974లో మొదలైన రోడ్డు కం రైలు వంతెన. విల్లులా వంగిన 28 కాంక్రీటు కమానుల కొత్త వంతెన. ఒక్కో కమాను సుమారు 97 మీటర్లు. ఏ వంతెన మీద వెళుతున్నామో, పక్కన కనిపించేది ఏదో తెలిసినవాడికి ఆ కాసేపు వేరుగా ఉంటుంది. దీనికి పాయింట్లు అక్కర్లేదు. బయల్దేరే ముందురోజు ఒక గంట చదువుకుంటే చాలు. ఇది నా మొదటి అలవాటు.

రెండో అలవాటుకి నాకు గురువు ఏనుగుల వీరాస్వామయ్యగారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి కాశీ వెళ్ళి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని, మన కోస్తా మీదుగా 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలలు దాటింది. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే అనుకునే రోజులవి. ఆయన దారి పొడుగునా మజిలీ మజిలీకీ రాస్తూ వచ్చారు. దారి ఎలా ఉంది, నది ఎలా దాటాలి, ఏ ఊళ్ళో సరుకులు దొరుకుతాయి, ఎక్కడ దిగవచ్చు, మనుషులు ఎలా ఉన్నారు. ఆ రాతలన్నీ ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారు 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చువేయించారు. ఆ దారుల్లో ఆయన ఒక్కరే నడవలేదు, ఎంతోమంది యాత్రికులు వెళ్ళారు. ఆయన రాశారు గనక ఆ ఊళ్ళు ఇవాళ మనకి కూడా మిగిలాయి.

అందుకని నా సంచిలో ఒక చిన్న నోటు పుస్తకం ఉంటుంది. ఎడమ పేజీలో ఆ రోజు ఖర్చు. ఏ కార్డు మీద ఎంత, చేతినుంచి ఎంత. కుడి పేజీలో ఆ రోజు చూసింది, విన్నది, తిన్నది. పది లైన్లు చాలు. పడుకునే ముందు పావుగంట పని. డబ్బుకీ ప్రయాణానికీ కావలసిన అలవాటు ఒక్కటే అన్నాను చూడండి, ఇదే. ఎడమ పేజీ రాసేవాడికి నెలాఖరున బిల్లు చూసి గుండె ఝల్లుమనదు. కుడి పేజీ రాసేవాడు సాయంత్రం ఏం రాయాలా అని పొద్దున్నించీ కళ్ళు తెరిచి చూస్తాడు. ఆటోవాడి పేరు అడుగుతాడు. జొన్న రొట్టె ఎంతకి అమ్ముతున్నారో, ఆ ఊరికి నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో అడుగుతాడు. ఫోటోలో ఈ సంగతులు ఉండవు.

మూడోది, పొద్దున్నే నడక. కొత్త ఊళ్ళో ఆరింటికి బయటికొచ్చి, కూరగాయల బజారు దాకా నడిచి రండి. గైడు చెప్పనిది ఆ బజారు చెబుతుంది. ఆ ఊరు ఏం పండిస్తుంది, ఏం తింటుంది, ఎలా బేరమాడుతుంది. ఎక్కడికి వెళ్ళినా ఆ భాషలో ఐదు మాటలు ముందే నేర్చుకోండి. నమస్కారం, ఎంత, నీళ్ళు, బాగుంది, సంతోషం. మన ఉచ్చారణకి వాళ్ళు నవ్వుతారు. నవ్వాక మాట్లాడతారు.

నాలుగోది, తక్కువ సామాను, తక్కువ ఊళ్ళు. రైల్వే స్టేషనులో వంతెన మెట్లు మనంతట మనం ఎక్కించుకోగలిగినంత సంచే తీసుకెళ్ళాలి. నాలుగు రోజుల్లో ఆరు ఊళ్ళు చూస్తే గుర్తుండేది బస్సు సీటు. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చెయ్యాలని మన పెద్దలు పెట్టిన నియమంలో భక్తితోపాటు ఈ తెలివి కూడా ఉందనిపిస్తుంది. మొదటి రోజు రద్దీ కనిపిస్తుంది. రెండో రోజు దారి తెలుస్తుంది. మూడో రోజు టీ కొట్టువాడు మనల్ని గుర్తుపడతాడు. కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలేసి వస్తారు కదా. ఏ ఊరు వెళ్ళినా ఉన్నన్నాళ్ళూ ఫోనులో ఒక్క అలవాటు వదిలిపెట్టండి, చాలు. వార్తలో, వాట్సాప్ గుంపులో.

ఐదోది, ముందే నిర్ణయించుకోవడం. రైలు రిజర్వేషను ఒకప్పుడు 120 రోజుల ముందు తెరిచేవారు. 2024 నవంబరు నుంచి 60 రోజులే. నేను ఏడాది మొదట్లో క్యాలెండరు మీద రెండు ప్రయాణాలు గుర్తు పెట్టుకుంటాను. ఒకటి దూరం, ఒకటి దగ్గర. దగ్గరది అంటే విశాఖ నుంచి అరకు రైలు లాంటిది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకి చేర్చడానికి 1960ల్లో కొండలు తొలిచి వేసిన లైను అది. యాభైకి పైగా సొరంగాలు. అంత దగ్గర్లో ఉన్నదాన్ని ఎప్పుడైనా చూడొచ్చులే అనుకుంటాం. ఆ 'ఎప్పుడైనా' క్యాలెండరులో ఉండదు.

మిత్రులారా, మన బ్యాచ్ వాళ్ళమంతా యాభై దాటాం. పాయింట్లకే కాదు, మోకాళ్ళకీ గడువు ఉంది. మన అమ్మానాన్నల మోకాళ్ళకి ఇంకా తక్కువ గడువు. కార్డులో పాయింట్లు పేరుకుపోయి ఉంటే, ఇంతవరకు విమానం ఎక్కని మీ అమ్మగారికి కిటికీ పక్క సీటు కొనండి. మేఘాలు చూసి ఆవిడ ఏమంటారో కుడి పేజీలో రాసుకోండి. మిక్సీ తర్వాత కొనుక్కోవచ్చు.

చివరిగా ఒక ప్రతిపాదన. మన బడి వెనక పారే కాలువలో నీళ్ళు ధవళేశ్వరం నుంచి వస్తాయి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేశాకే ఈ డెల్టాకి కాలువలు, మన తాతలకి రెండు పూటలా అన్నం. అక్కడ ఇప్పుడు బ్యారేజీ ఉంది, కాటన్ మ్యూజియం ఉంది. పొద్దున్న బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఆ నీళ్ళలో ఈత కొట్టే మన బడి పిల్లల్లో ఆ ఆనకట్ట చూసినవాళ్ళు ఎందరో హెడ్మాస్టరుగారు ఒకసారి చేతులెత్తించి లెక్కపెట్టాలని కోరుతున్నాను.

ఇందాకటి లెక్కలో ఇంటికి 6,020 రూపాయలు మిగిలాయి కదా. అందులో పదో వంతు, 600 రూపాయలు, ఏటా వంద మంది పూర్వ విద్యార్థులం ఇస్తే 60,000. తొమ్మిదో తరగతి పిల్లల్ని రెండు బస్సుల్లో తీసుకెళ్ళి, భోజనం పెట్టి తీసుకురావడానికి సరిపోతుంది. కొన్ని కార్డుల్లో పాయింట్లని బిల్లులో తగ్గింపుగా మార్చుకోవచ్చు. విలువ కాస్త తక్కువ పడుతుంది గానీ, చెల్లిపోవడం కన్నా మేలు. అలా మిగిలిన డబ్బు సంఘం ఖాతాలో వెయ్యండి. కార్డు లేనివాళ్ళు, వద్దనుకున్నవాళ్ళు పిల్లలతో పాటు బస్సెక్కి రండి, పెద్దవాళ్ళు కూడా కావాలి. మొదటి ఏడాది నోటు పుస్తకాలు నావి. ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఒకటి. ఎడమ పేజీలో వాళ్ళమ్మ ఇచ్చిన యాభై రూపాయల లెక్క, కుడి పేజీలో గోదావరి.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. పేర్లు ఇవ్వదలచుకున్నవాళ్ళు భోజనాల దగ్గర నన్ను కలవండి. పుస్తకం, పెన్ను నా దగ్గరే ఉన్నాయి. సెలవు.